వెటర్నరీ సీటుకు ఆప్షన్లు పెట్టే ముందు: సొంత రాష్ట్రమా, ఆల్ ఇండియా కోటానా, ప్రైవేటా?

ర్యాంకు వచ్చిన రోజు నుంచి ఇంట్లో కాలేజీల చర్చ మొదలవుతుంది. ఏది పాతది, ఏ ఊరు బాగుంటుంది, హాస్టల్ ఎలా ఉంటుంది, మనవాళ్లెవరైనా అక్కడ చదివారా అని. ఇవన్నీ అడగాల్సినవే. అయితే వెటర్నరీ విషయంలో వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ కాలేజీ ఆసుపత్రికి రోజూ ఎన్ని జీవాలు వస్తాయి, వాటి మీద విద్యార్థి చెయ్యి ఎంత పడుతుంది?

సిలబస్ చూసి కాలేజీ ఎంచుకునే అవకాశం ఇక్కడ పెద్దగా లేదు. పశువైద్య డిగ్రీ అయిన బీవీఎస్సీ అండ్ ఏహెచ్ కోర్సు దేశమంతా వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే వీసీఐ, 2016లో తెచ్చిన కనీస ప్రమాణాల నిబంధనల ప్రకారం నడుస్తుంది. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం ఐదున్నరేళ్లు. తిరుపతిలో చదివినా లూధియానాలో చదివినా అనాటమీ అదే, పాథాలజీ అదే. పాసై బయటికొచ్చాక రాత్రి పదకొండింటికి ఈనలేక అవస్థ పడుతున్న గేదె దగ్గరికి రమ్మని ఫోన్ వస్తే, ఎవరు ధైర్యంగా వెళ్తారు, ఎవరు సీనియర్‌కి ఫోన్ చేస్తారు అన్నది మాత్రం కాలేజీని బట్టి మారుతుంది.

## కాలేజీని దేనితో కొలవాలి?

గుర్తింపు. దీని మీద రాజీ వద్దు. ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం, 1984 ప్రకారం మన దేశంలో గుర్తింపు ఉన్న డిగ్రీలు మొదటి షెడ్యూల్లో ఉంటాయి. విదేశీ డిగ్రీలకు రెండో షెడ్యూల్ ఉంది. మీ డిగ్రీ ఈ షెడ్యూళ్లలో లేకపోతే కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేకుండా పశువైద్యుడిగా ప్రాక్టీస్ చేయడానికి చట్టం ఒప్పుకోదు, ప్రభుత్వ ఉద్యోగానికీ వీల్లేదు. కొత్తగా పెట్టిన కాలేజీల విషయంలో ఒక మెలిక ఉంది. అడ్మిషన్లు చేసుకోవడానికి అనుమతి ఇవ్వడం ఒక దశ, డిగ్రీని షెడ్యూల్లో చేర్చడం ఇంకో దశ. 'మాకు వీసీఐ పర్మిషన్ ఉంది' అని కాలేజీవాళ్లు చెబితే అది ఈ రెండింట్లో ఏదో కాగితం మీద చూడండి. కాలేజీ బ్రోషర్‌ని నమ్ముకోకుండా వీసీఐ ప్రకటించే జాబితాలోనే వెతకండి.

ఆసుపత్రి. ప్రతి వెటర్నరీ కాలేజీకీ ఒక బోధనాసుపత్రి ఉండాలి. అక్కడివాళ్లు దాన్ని టీవీసీసీ అంటారు. వీలైతే ఒక పనిదినం ఉదయం 9 గంటలకల్లా అక్కడికి వెళ్లి ఓ గంట ఊరికే నిలబడండి. ట్రెవిస్‌లో, అంటే జీవాన్ని కదలకుండా నిలబెట్టే చట్రంలో, కట్టేసిన గేదె ఉంటుంది, వెనక చంక దాకా ప్లాస్టిక్ గ్లవ్ తొడుక్కున్నవాళ్లు ఉంటారు. ఆ గ్లవ్ ఎవరి చేతికి ఉందో చూడండి. సార్ ఒక్కరే చూడి పరీక్ష చేస్తుంటే వెనక పదిహేను మంది నోట్సు రాసుకుంటున్నారా? లేక ఒక విద్యార్థి లోపల చెయ్యి పెట్టి 'హార్న్ (గర్భసంచి కొమ్ము) తగులుతోంది సార్' అంటుంటే సార్ పక్కన నిలబడి 'ఇంకొంచెం ఎడమకి' అని చెబుతున్నారా? రెండోది కనిపించిన కాలేజీకి నేను పది మార్కులు ఎక్కువేస్తాను. ఓపీ రిజిస్టరు దగ్గర కూర్చున్నవాళ్లను మర్యాదగా అడిగితే నిన్న ఎన్ని కేసులొచ్చాయో, అందులో ఆవులు, గేదెలెన్ని, కుక్కలెన్ని, గొర్రెలు, మేకలెన్ని అన్నదీ చెప్పేస్తారు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ మిషన్లు ఉన్నాయా అని అడిగి ఊరుకోకండి. ఈ వారం వాటిని వాడారా అని కూడా అడగండి.

ఫారం. పాడి, గొర్రెలు, కోళ్లు, పందులు ఉన్న సొంత ఫారం కాలేజీలో ఎంత బతికి ఉందో చూడండి. పాలు పితకడం, దాణా కలపడం, దూడలకు నట్టల మందు పట్టడం లాంటివి మొదటి ఏడాదిలోనే చేతికి అలవాటు కావాలి. షెడ్లు ఖాళీగా ఉంటే ఆ సబ్జెక్టులు పుస్తకంలోనే మిగిలిపోతాయి.

అధ్యాపకులు. సర్జరీ, మెడిసిన్, గైనకాలజీ, ఈ మూడు విభాగాల్లో రెగ్యులర్ ఫ్యాకల్టీ ఎంతమంది ఉన్నారో కనుక్కోండి. ఖాళీలు ఎక్కువుంటే దాని ప్రభావం అందరికంటే ముందు ఫైనలియర్ వాళ్ల మీద పడుతుంది.

ఖర్చు, దూరం, భాష గురించి ఒక్కో ఆప్షన్ దగ్గర చెప్తాను. వాటి బరువు అందరికీ ఒకేలా ఉండదు.

## సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీ

ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కాలేజీలున్నాయి. తిరుపతి కాలేజీ 1955 నాటిది, విశ్వవిద్యాలయం 2005లో వచ్చింది. తెలంగాణలో పి.వి. నరసింహారావు పేరిట ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కాలేజీలున్నాయి. రాజేంద్రనగర్ కాలేజీ మూలాలు 1946 దాకా వెళ్తాయి.

మన విద్యార్థుల్లో ఎక్కువమందికి నా మొదటి సలహా ఇదే. ఖర్చు తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. పశువైద్యంలో రోగి మాట్లాడదు, యజమాని మాట్లాడతాడు. మేత మేస్తోందా, నెమరు వేస్తోందా, పేడ ఎలా వేస్తోంది, మాయ పడిందా, ఎద ఎప్పుడు చూశారు అన్న ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే సగం రోగనిర్ధారణ ఉంటుంది. గాలికుంటు, గొంతువాపు, చిటుక రోగం, పొదుగువాపు లాంటి పేర్లతో రైతు చెప్పేది వెంటనే అర్థమయ్యే చోట చదివితే మూడో ఏడాదికే మీరు సొంతంగా కేస్ హిస్టరీ తీసుకోగలుగుతారు. తర్వాత ఇక్కడే ప్రభుత్వ పశువైద్యశాలలో పనిచేయాలనుకునేవాళ్లకు ఇది చాలా పెద్ద లాభం.

ఒకే యూనివర్సిటీలోని కాలేజీల మధ్య ఎలా తేల్చుకోవాలి? అలవాటుగా అందరూ పాత కాలేజీని పైన పెడతారు. లైబ్రరీ, పీజీ విభాగాలు, సీనియర్ల నెట్‌వర్క్ పాత క్యాంపస్‌ల బలం, అందులో సందేహం లేదు. కానీ పీజీ విద్యార్థులు ఎక్కువున్న చోట కేసు ముందు వాళ్ల చేతికి వెళ్తుంది. డిగ్రీవాళ్లు వెనక వరుసలో ఉంటారు. పీజీలు తక్కువగా ఉండే జిల్లా కాలేజీలో ఓపీ బాగుంటే మీ వంతు త్వరగా వస్తుంది. నగరం పక్కన ఉన్న కాలేజీలకు కుక్కలు, పిల్లులు ఎక్కువ రావడం, జిల్లా కాలేజీలకు గేదెలు, గొర్రెలు ఎక్కువ రావడం మామూలే. మీరు ఏ జీవంతో పనిచేయాలనుకుంటున్నారో దాన్ని బట్టి వరుస మార్చుకోండి.

రాష్ట్ర కోటా సీట్లకు ఏ పరీక్ష ర్యాంకు చూస్తారు, లోకల్ ఎవరు, రైతు కుటుంబాల కోటా లాంటివి ఎలా లెక్కిస్తారు అన్నవి ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చదవండి. అన్నయ్య చేరినప్పటి రూలు ఇప్పుడూ ఉంటుందని అనుకోవద్దు.

## ఆల్ ఇండియా కోటాలో బయటి రాష్ట్రం

వెటర్నరీ కాలేజీల్లో 15 శాతం సీట్లు నీట్ యూజీ ర్యాంకుతో వీసీఐ కౌన్సెలింగ్ ద్వారా భర్తీ అవుతాయి. ఇది చాలామంది పట్టించుకోని దారి. అసలు దరఖాస్తే చేయరు. నీట్ రాస్తే ఎంబీబీఎస్, బీడీఎస్ కౌన్సెలింగ్‌లతో సరి అనుకుంటారు. దీనికి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి.

బయటికి వెళ్లడానికి ఒక గట్టి కారణం ఉండాలి, అది జంతువుకు సంబంధించిందైతే మరీ మంచిది. కోళ్ల పరిశ్రమలోకి వెళ్లాలని తేల్చుకున్నవాళ్లకు తమిళనాడులోని నామక్కల్ కాలేజీ చుట్టూ ఫారాలే ఉంటాయి. పెంపుడు జంతువుల వైద్యం మీద మనసున్నవాళ్లకు చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఉంది. 1903 నుంచి నడుస్తోంది, అక్కడి ఆసుపత్రికి వచ్చే కుక్కల సంఖ్య చూస్తే కళ్లు తిరుగుతాయి. ఏనుగుల వైద్యానికి అస్సాంలోని ఖానాపారా, కేరళలోని మన్నుత్తి పేరున్నవి. ఒంటెల జాతీయ పరిశోధన కేంద్రం బికనీర్లో, గుర్రాలది హిస్సార్లో ఉన్నాయి, ఆ రెండు ఊళ్లలోనూ వెటర్నరీ కాలేజీలున్నాయి. పాడిలో పెద్ద ఫారాలు, ఎక్కువ పాలిచ్చే పశువులు చూడాలంటే లూధియానా. పరిశోధనే లక్ష్యమైతే బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ (ఐవీఆర్ఐ) వాతావరణమే వేరు.

ఇక వెనక్కి లాగే సంగతి భాష. పంజాబీ రైతు దగ్గర హిస్టరీ తీసుకోవాలంటే పంజాబీ రావాలి, క్లాసులో ఇంగ్లిష్ సరిపోయినా ట్రెవిస్ దగ్గర సరిపోదు. ఆరు నెలల్లో పట్టేస్తారు, చాలామంది పట్టేశారు కూడా. కానీ ఆ ఆరు నెలలు ఒంటరిగా అనిపిస్తుంది, తిండీ చలీ కలిస్తే ఇంకొంచెం ఎక్కువ. పిల్లలు ఎలా తట్టుకుంటారో తల్లిదండ్రులకే తెలుస్తుంది.

'బయట చదివితే ఇక్కడ ఉద్యోగానికి నాన్ లోకల్ అయిపోతారా' అన్న అనుమానం తరచూ వినిపిస్తుంది. మన రాష్ట్రాల్లో ఉద్యోగాలకు స్థానికత స్కూలు చదువును బట్టి తేలుతుంది. బీవీఎస్సీ ఎక్కడ చేశారన్నది దాన్ని మార్చదు. తిరిగొచ్చాక మన రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ సంగతి మాత్రం చూసుకోవాలి.

## ప్రైవేటు కాలేజీ

రాజస్థాన్ లాంటి రాష్ట్రాల్లో ప్రైవేటు వెటర్నరీ కాలేజీలు చాలానే ఉన్నాయి. ర్యాంకు అందనివాళ్లకు కన్సల్టెన్సీల ఫోన్లు ఎక్కువగా వీటి కోసమే వస్తాయి. అన్నీ ఒకేలా ఉండవు. కొన్నింటి ఆసుపత్రులు నిజంగా బాగుంటాయి, కొన్నింటిలో తనిఖీ రోజున తప్ప జీవాలు కనిపించవు.

ఇక్కడ ఫీజు ఐదున్నరేళ్లకు లెక్కేయాలి, ఒక్క ఏడాదికి కాదు. హాస్టల్, పరీక్ష ఫీజు, డిపాజిట్లు, ఇంటర్న్‌షిప్ ఏడాదిలో కట్టించుకునేదీ కలపండి. ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ ఇస్తారా, ఎంత ఇస్తున్నారు, నిరుడు పాసైనవాళ్లకు నిజంగా అందిందా అని ఆ బ్యాచ్‌వాళ్లనే అడగండి. ఆ మొత్తానికి అప్పు తీసుకుంటే మొదటి ఉద్యోగం జీతంతో తీరుతుందా అన్నది ఇంకో లెక్క. క్లినిక్ పెట్టడానికీ పెట్టుబడి కావాలి. డిగ్రీ అప్పు మీద క్లినిక్ అప్పు పడితే మొదటి నాలుగైదేళ్లు ఊపిరాడదు.

నన్నడిగితే, ప్రైవేటు కాలేజీకి డబ్బు కట్టే ముందు ఒక ఏడాది లాంగ్ టర్మ్ తీసుకుని మళ్లీ రాయడం మీ ఇంటికి వీలవుతుందేమో ఒకసారి ఆలోచించండి. ఇప్పటికే రెండుసార్లు రాసి, డబ్బుకు ఇబ్బంది లేక, కాలేజీకి గుర్తింపు పక్కాగా ఉండి, ఆసుపత్రి మీ కళ్లతో చూసి తృప్తి పడితే, అప్పుడు చేరొచ్చు. చూడకుండా మాత్రం వద్దు.

## విదేశం

క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇంటర్ అవగానే ఈ దారి పట్టేవాళ్లు తక్కువ. అమెరికాలో పశువైద్య డిగ్రీ డీవీఎం నాలుగేళ్లు, కానీ అంతకుముందు కాలేజీ చదువులో నిర్దేశించిన సైన్స్ కోర్సులు పూర్తి చేయాలి. ఖర్చు, కాలం రెండూ ఎక్కువే. వేరే దేశాల్లో తక్కువ ఖర్చుతో సీటు దొరుకుతుందని చెప్పేవాళ్లుంటారు. తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీస్ చేయాలంటే ఆ యూనివర్సిటీ డిగ్రీ రెండో షెడ్యూల్లో ఉందో లేదో చూడాలి, ఆ ఒక్క ప్రశ్నతో సగం ఆఫర్లు పక్కకు వెళ్లిపోతాయి.

అమెరికాలో స్థిరపడాలన్నదే లక్ష్యమైతే ఇంకో దారి ఉంది. ఇక్కడ బీవీఎస్సీ చేసి, విదేశీ పట్టభద్రుల కోసం ఉన్న ఈసీఎఫ్‌వీజీ లేదా పేవ్ సర్టిఫికేషన్ పూర్తి చేసి, నావ్లీ అనే లైసెన్సు పరీక్ష రాయాలి. కష్టమైన దారే, ఖర్చూ ఉంది, కానీ ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు ఇలాగే వెళ్లారు.

## పక్కపక్కన పెడితే

| చూడాల్సింది | సొంత రాష్ట్రం, ప్రభుత్వం | ఆల్ ఇండియా కోటా | ప్రైవేటు | విదేశం |
|---|---|---|---|---|
| ప్రవేశం | రాష్ట్ర నోటిఫికేషన్ | నీట్, వీసీఐ కౌన్సెలింగ్ | ఆ రాష్ట్ర, కాలేజీ నిబంధనలు | దేశాన్ని బట్టి |
| ఖర్చు | తక్కువ | ఫీజు తక్కువ, ప్రయాణాలు అదనం | ఎక్కువ | చాలా ఎక్కువ |
| గుర్తింపు రిస్క్ | కొత్త కాలేజీ అయితే చూసుకోవాలి | కొత్త కాలేజీ అయితే చూసుకోవాలి | తప్పకుండా చూసుకోవాలి | అన్నిటికంటే ఎక్కువ |
| రైతుతో భాష | ఇబ్బంది లేదు | నేర్చుకోవాలి | ఎక్కువగా బయటి రాష్ట్రమే కాబట్టి నేర్చుకోవాలి | వేరే సంగతి |
| ప్రత్యేక జంతువుల అనుభవం | పాడి, గొర్రెలు, కోళ్లు, నగరాల్లో కుక్కలు | ఏ ఊరిని ఎంచుకుంటే అది | కాలేజీని బట్టి | పెంపుడు జంతువులు, గుర్రాలు |

## ఎవరికి ఏది?

ప్రభుత్వ పశువైద్యాధికారి ఉద్యోగమే గమ్యమనుకునేవాళ్లు సొంత రాష్ట్రం దాటి వెళ్లాల్సిన పని లేదు. పోటీ పరీక్షకు సిలబస్ ఎలాగూ ఒకటే, ఉద్యోగంలో చేరాక ఎదురయ్యే పశువులూ రైతులూ మీరు చదువుకునేటప్పుడు చూసినవాళ్లే. గ్రామీణ బ్యాంకులు, జాతీయ బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఆఫీసర్ పోస్టులవైపు చూసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

నగరంలో పెట్ క్లినిక్ పెట్టాలనుకుంటే కుక్కలు, పిల్లుల కేసులు దండిగా వచ్చే కాలేజీని పైన పెట్టండి, అది చెన్నై, బెంగళూరు లాంటి బయటి నగరమైనా సరే. గేదెల ఓపీ ఎంత గొప్పగా ఉన్నా కుక్క పళ్ల శుభ్రత, చర్మ సమస్యలు, ఆపరేషన్‌కు ముందు మత్తు ఇవ్వడం లాంటివి అక్కడ చేతికి రావు. నగరంలో ఆదాయం తెచ్చేవి ఇవే.

సైన్యంలోకి వెళ్లాలనుకునేవాళ్లకు రిమౌంట్ వెటర్నరీ కోర్ ఉంది, షార్ట్ సర్వీస్ కమిషన్‌లో తీసుకుంటారు. గుర్రపు స్వారీ నేర్పే ఎన్‌సీసీ యూనిట్ కొన్ని వెటర్నరీ కాలేజీలకు ఉంటుంది. మీరు చూస్తున్న కాలేజీలో ఉందేమో అడగండి, స్వారీ నచ్చకపోయినా గుర్రం దగ్గరికి ఎలా వెళ్లాలో తెలుస్తుంది.

అడవి జంతువుల వైద్యం చేయాలని వచ్చేవాళ్లు ఏటా కొందరుంటారు. వాళ్లకు నిరాశ కలిగించే మాటే అయినా చెప్పాలి. డిగ్రీలో పులులు కనిపించవు. ముందు గేదె, గొర్రె, కుక్కల మీద చెయ్యి తిరగాలి, తర్వాత పీజీలో వన్యప్రాణుల వైపు మళ్లవచ్చు. జూ పార్కు గానీ అభయారణ్యం గానీ దగ్గరున్న కాలేజీ అయితే ఇంటర్న్‌షిప్‌లో కొంత అవకాశం దొరుకుతుంది. అసలు మీకు నచ్చింది వైద్యం కాక జంతువుల జీవితం, అడవి అయితే వెటర్నరీ అవసరం లేదు. బీఎస్సీ చేసి డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో పీజీకి ప్రయత్నించడం నేరుగా ఉండే దారి.

రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయని భయపడే వాళ్లకు: చాలామందికి అది రెండో ఏడాదికి పోతుంది. పేడ వాసన అయితే మొదటి నెలకే.

## వెటర్నరీ అందకపోతే

నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ, అంటే ఫిషరీస్ డిగ్రీ, మన దగ్గర తక్కువ అంచనాకు గురైన కోర్సు. ఆంధ్రలో ముత్తుకూరులో, తెలంగాణలో పెబ్బేరులో కాలేజీలున్నాయి. రొయ్యల చెరువులు, హేచరీలు, మేత కంపెనీలు ఇంతగా విస్తరించిన తీరంలో ఈ డిగ్రీకి పని దొరుకుతుంది. ఎంపీసీ వాళ్లకు బీటెక్ డెయిరీ టెక్నాలజీ ఉంది, తిరుపతి, కామారెడ్డిలో. అది పాల ప్లాంటులో యంత్రాలు, నాణ్యత, ప్రాసెసింగ్ చదువు. పశువు ముట్టుకోవాలన్న ఆశతో అందులో చేరకండి.

పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా త్వరగా ఉద్యోగం కావాల్సినవాళ్లకు మంచిది. అయితే డిప్లొమావాళ్లు రిజిస్టర్డ్ పశువైద్యుడి పర్యవేక్షణలో, ప్రభుత్వం అనుమతించిన చిన్న సేవలు మాత్రమే చేయవచ్చని చట్టం చెబుతుంది. 'డిప్లొమా చేస్తే డాక్టరే' అని ఏ ప్రైవేటు సంస్థ అయినా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

## ఆప్షన్లు పెట్టేటప్పుడు

కౌన్సెలింగ్‌లో మీ ర్యాంకుకు వస్తుందనుకున్న కాలేజీని ముందు పెట్టడం చాలామంది చేసే పొరపాటు. మీకు నిజంగా కావాల్సిన వరుసలోనే పెట్టండి, రాకపోతే సిస్టమ్ కిందికి దిగుతుంది. రాష్ట్ర కోటా, ఆల్ ఇండియా కోటా రెండింటికీ దరఖాస్తు చేసుకోండి. కానీ ఒకచోట ఫీజు కట్టి చేరాక ఇంకోచోట సీటు వస్తే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎలా తెచ్చుకోవాలి, ఏ రౌండ్ దాటితే వదులుకోవడానికి వీలుండదు, కట్టిన డబ్బులో ఎంత వెనక్కి వస్తుంది అన్నవి ముందే చదివి ఉంచుకోండి. ఈ రెండు కౌన్సెలింగ్‌ల తేదీలు ఒకదాని మీద ఒకటి పడటం మామూలే.

ఇక జాబితా ఖాయం చేసే ముందు, పైన పెట్టిన మూడు కాలేజీల్లోనూ ఒక్కో ఇంటర్న్‌ని పట్టుకుని ఫోన్ చేయండి. కాలేజీ ఎలా ఉందని అడిగితే అందరూ బాగుందనే అంటారు. గత నెలలో సొంతంగా ఎన్ని చూడి పరీక్షలు చేశావు, ఎన్ని కుట్లు వేశావు, నైట్ డ్యూటీలో చివరిగా వచ్చిన కేసు ఏంటి అని అడగండి.